సుఖాన్ని వదులుకున్న ఖలీఫా: హజ్రత్ ఉమర్ బిన్ అబ్దుల్ అజీజ్ (రహ్మ)

ధర్మసమ్మతమైన సంపాదనతో మంచి బట్ట కట్టుకోవటం, రుచిగల భోజనం చేయటం ఇస్లాంలో నిషిద్ధం కాదు. ఈ మాట ముందుగానే చెప్పుకోవటం మంచిది. ఎందుకంటే త్యాగధనుల జీవితాలు చదివినప్పుడు కొందరు సోదరులు చిరిగిన బట్టలే భక్తి అనుకుంటారు. మరికొందరు, అవన్నీ ఆ కాలపు వాళ్ళకే చెల్లాయి, మనవల్ల కాదని పుస్తకం మూసేస్తారు. రెండూ పొరపాటే. పేదవాడు ఉల్లిపాయతో రొట్టె తింటే అది అతని పరిస్థితి. స్పెయిన్ నుంచి సింధు దేశం దాకా విస్తరించిన రాజ్యపు ధనాగారం చేతిలో ఉన్నవాడు ఉల్లిపాయతో రొట్టె తింటే అది అతని నిర్ణయం. ఆ నిర్ణయం ఎందుకు తీసుకున్నాడు, దానివల్ల అతనికీ ప్రజలకూ ఏం దక్కింది అన్నదే ఆలోచించవలసిన విషయం. హజ్రత్ ఉమర్ బిన్ అబ్దుల్ అజీజ్ (రహ్మ) జీవితాన్ని ఈ దృష్టితోనే పాఠకుల ముందు ఉంచుతున్నాము.

ఆయన ఉమయ్యా రాజవంశానికి చెందినవారు. హిజ్రీ 61 ప్రాంతంలో, అంటే క్రీ.శ. 680 ప్రాంతంలో జన్మించారు. తండ్రి అబ్దుల్ అజీజ్ బిన్ మర్వాన్ ఈజిప్టుకు ఇరవై ఏళ్ళు గవర్నరుగా ఉన్నారు. పెదతండ్రి అబ్దుల్ మలిక్ ఖలీఫా. తల్లి ఉమ్మె ఆసిం మాత్రం వేరే ఇంటి బిడ్డ. ఆమె రెండవ ఖలీఫా హజ్రత్ ఉమర్ ఫారూఖ్ (రజి) గారి మనుమరాలు. పాలల్లో నీళ్ళు కలపమన్న తల్లితో, ఖలీఫా చూడకపోయినా అల్లాహ్ చూస్తున్నాడు కదా అన్న పేదింటి పిల్ల కథ మన ఇళ్ళలో పసివాళ్ళకు కూడా తెలుసు. ఆ రాత్రి వీధిలో గస్తీ తిరుగుతూ ఆ మాట విన్న హజ్రత్ ఉమర్ (రజి) ఆ పిల్లను తన కుమారుడు ఆసింకు ఇచ్చి నికాహ్ చేశారు. వారి కుమార్తే ఉమ్మె ఆసిం. అంటే మన కథానాయకుని నరాల్లో ఒక పక్క రాజభవనపు రక్తం, మరో పక్క పాలమ్ముకునే గుడిసె రక్తం కలిసి పారాయన్నమాట. చాలా ఏళ్ళపాటు మొదటిదే పైచేయిగా ఉండింది.

బాల్యంలో తండ్రి ఆయన్ను చదువుకోసం మదీనాలో సాలిహ్ బిన్ కైసాన్ అనే పండితుని వద్ద ఉంచారు. ఒకరోజు ఆ పిల్లవాడు సామూహిక నమాజుకు ఆలస్యంగా వచ్చాడు. కారణం అడిగితే దాసి తల దువ్వుతోందని చెప్పాడు. గురువుగారు ఈ సంగతి ఈజిప్టుకు రాసి పంపారు. తండ్రి వెంటనే ఒక మనిషిని పంపించారు. ఆ మనిషి మదీనా చేరి, పిల్లవాడితో ఒక్క మాటయినా మాట్లాడక ముందే తల గొరిగించి వేశాడు! నేటి తల్లిదండ్రులకు ఇది కాస్త కఠినంగా తోచవచ్చు. అయినా ఆ గుండు వల్ల అలంకరణ మీద మోజు పోలేదని తర్వాతి చరిత్ర చెబుతోంది.

పెరిగి పెద్దవాడై, ఖలీఫా అబ్దుల్ మలిక్ కుమార్తె ఫాతిమాను వివాహమాడారు. హిజ్రీ 87 (క్రీ.శ. 706)లో ఖలీఫా వలీద్ ఆయన్ను మదీనాకు గవర్నరుగా నియమించాడు. అప్పటికి ఆయన వయసు పాతికేళ్ళ పైచిలుకు. ఆ ఊళ్ళోకి ఆయన సామాను ముప్ఫై ఒంటెల మీద వచ్చిందని చరిత్రకారులు రాశారు. ఆయన వాడే అత్తరు వాసన ఆయన వెళ్ళిపోయాక కూడా ఆ వీధిలో నిలిచి ఉండేది. ఆయన నడకలో ఒక ప్రత్యేకమైన ఒయ్యారం ఉండేది. మదీనా ఆడపిల్లలు దానిని చూసి నేర్చుకునేవారట, దానికి ఆయన పేరే పెట్టారట. ఒకసారి తొడిగిన బట్ట నలుగురి కళ్ళల్లో పడితే అది పాతబడిపోయినట్టే ఆయనకు అనిపించేది.

అలాగని ఆ రోజుల్లో ఆయన చెడ్డ పాలకుడు కాదు. మదీనాలోని పదిమంది ధర్మశాస్త్ర పండితులను పిలిచి, మీ సలహా లేకుండా ఏ నిర్ణయమూ తీసుకోనని మాట ఇచ్చారు. వలీద్ ఆజ్ఞ మేరకు మస్జిదె నబవీని విస్తరింపజేశారు. వయోవృద్ధులైన హజ్రత్ అనస్ బిన్ మాలిక్ (రజి) ఈ యువకుని వెనుక నమాజు చేసి, దైవప్రవక్త (స) నమాజును ఇంతగా పోలిన నమాజు మరొకరి వద్ద చూడలేదని మెచ్చుకున్నారు. నమాజూ సరిగ్గా ఉంది, న్యాయమూ ఉంది, సుఖమూ ఉంది. అటువంటి మనిషికి ఇక లోటేమిటి?

ఆ లోటు హిజ్రీ 93లో బయటపడింది. హజ్రత్ అబ్దుల్లా బిన్ జుబైర్ (రజి) కుమారుడు ఖుబైబ్ మీద ఖలీఫా వలీద్‌కు కోపం వచ్చింది. అతన్ని కొరడాలతో కొట్టించి, చలికాలంలో చన్నీళ్ళు పోయించమని మదీనా గవర్నరుకు ఉత్తర్వు పంపాడు. ఉమర్ ఆ ఉత్తర్వును అమలు చేశారు. ఖుబైబ్ తట్టుకోలేక ప్రాణం విడిచాడు. ఆ వార్త విని ఉమర్ నేలకు కూలబడిపోయారు. ఆ తర్వాత జీవితాంతం, ఎవరైనా ఆయన సత్కార్యాలను పొగిడి శుభవార్త చెప్పబోతే, ఖుబైబ్ సంగతి ఏమిటని ఆయన అడిగేవారు.

ఆయన చరిత్ర చెప్పే ఉపన్యాసకులు చాలామంది ఈ సంఘటనను దాటేసి నేరుగా ఖిలాఫత్ రోజులకు వెళ్ళిపోతారు. మా దృష్టిలో ఆయన జీవితానికి తాళంచెవి ఇక్కడే ఉంది. ఆయన క్రూరుడు కాదు, అజ్ఞాని కూడా కాదు. ఆ ఉత్తర్వు అన్యాయమని ఆయనకు తెలియకపోయి ఉంటుందా? కానీ పదవి, భవనం, ముప్ఫై ఒంటెల సామాను ఉన్నవాడు కాదనటం కష్టం. ఏది లేకుండా మనం బతకలేమో, దానిని ఇచ్చేవాడి ముందు మన నోరు లేవదు. తర్వాతి కాలంలో ఆయన ఒక్కొక్క సుఖాన్నీ ఎందుకు వదిలించుకున్నారో అర్థం కావాలంటే ఖుబైబ్ జనాజాను గుర్తుంచుకోవాలి.

కొద్దికాలానికే ఆ పదవి కూడా పోయింది. ఇరాక్‌లో హజ్జాజ్ దౌర్జన్యాలకు తాళలేక పారిపోయి వచ్చినవారికి ఉమర్ మదీనాలో ఆశ్రయమిచ్చేవారు. హజ్జాజ్ ఫిర్యాదు చేశాడు, వలీద్ ఆయన్ను తొలగించాడు. ఆయన సిరియా వెళ్ళిపోయారు.

హిజ్రీ 99 (క్రీ.శ. 717)లో ఖలీఫా సులైమాన్ బిన్ అబ్దుల్ మలిక్ సిరియా ఉత్తర ప్రాంతంలోని దాబిఖ్ అనే చోట జబ్బుపడ్డాడు. రజా బిన్ హైవా అనే ధర్మపండితుని సలహాతో, తన తర్వాత ఉమర్ బిన్ అబ్దుల్ అజీజ్, ఆయన తర్వాత తన సోదరుడు యజీద్ ఖలీఫాలు కావాలని వీలునామా రాసి మూసివేశాడు. లోపల ఎవరి పేరుందో తెలియకుండానే రాజవంశీయులు విధేయతా ప్రమాణం చేశారు. సులైమాన్ చనిపోయాక లేఖ విప్పితే అందరికంటే ఎక్కువగా నివ్వెరపోయింది ఉమరే. కాళ్ళు ఆడక కూర్చుండిపోయిన ఆయన్ను రజా చెయ్యిపట్టి లేపి మింబర్ మీదకు ఎక్కించవలసి వచ్చింది. తనను సంప్రదించకుండా, ప్రజలను సంప్రదించకుండా ఈ భారం తన మెడకు చుట్టారని, ప్రజల మెడమీద ఉన్న ప్రమాణాన్ని తాను తొలగిస్తున్నానని, వారు కోరినవారిని ఎన్నుకోవచ్చని ఆయన ప్రకటించారు. మస్జిదులోని జనమంతా ఆయన్నే కోరుకుంటున్నామని కేకలు వేశారు.

సులైమాన్ ఖననం ముగించుకుని తిరిగి వస్తుంటే, అలంకరించిన రాచగుర్రాలు వరుసగా నిలబడి ఉన్నాయి. ఇవేమిటని అడిగారు. కొత్త ఖలీఫా సవారీ కోసమన్నారు. తన కంచరగాడిద తనకు చాలునని, ఆ గుర్రాలను అమ్మి సొమ్ము బైతుల్‌మాల్‌లో జమ చేయమన్నారు. భవనంలో సులైమాన్ కుటుంబం ఉంది కనుక వాళ్ళను కదిలించవద్దని, తన డేరా తనకు సరిపోతుందని చెప్పారు.

రాత్రంతా నిద్ర లేదు. ఖననం, ప్రమాణస్వీకారం, ఉత్తరాలు రాయించటంతో ఒళ్ళు హూనమైంది. కాసేపు నడుం వాలుద్దామని లోపలికి వెళ్ళారు. అంతలో కుమారుడు అబ్దుల్ మలిక్ వచ్చాడు. అప్పటికి ఇంకా ఇరవై కూడా నిండని కుర్రవాడు. మా నాన్న ఏం చేయబోతున్నారని అడిగాడు. కాస్త కునుకు తీస్తానన్నారు. అన్యాయంగా లాక్కున్న ఆస్తులను హక్కుదారులకు తిరిగి ఇవ్వకుండానే నిద్రపోతారా అన్నాడు. జుహర్ నమాజు తర్వాత ఆ పని మొదలుపెడతానని తండ్రి సర్దిచెప్పారు. జుహర్ దాకా మీరు బతికి ఉంటారని ఎవరు హామీ ఇచ్చారని కొడుకు అడిగాడు. తండ్రి లేచి కొడుకును దగ్గరకు తీసుకుని నుదుట ముద్దు పెట్టుకున్నారు. తన ధర్మం విషయంలో తనకు తోడ్పడే సంతానాన్ని ఇచ్చిన అల్లాహ్‌ను స్తుతించారు. పడుకోకుండానే బయటికి వచ్చి, దౌర్జన్యానికి గురైనవాళ్ళంతా తమ ఫిర్యాదులు తీసుకురావాలని చాటింపు వేయించారు.

ఖలీఫాగా ఆయన వదులుకున్న మొట్టమొదటి సుఖం ఒక మధ్యాహ్నపు కునుకు! ఆస్తులు వదులుకోవటం కంటే ఇది చిన్న సంగతి అనుకోకూడదు. నెలకొకసారి దానధర్మాలు చేసే మనమే ఫజర్ వేళ దుప్పటి తీయలేక ఎంత సతమతమవుతామో మనకు తెలియనిది కాదు.

తర్వాత ఆస్తుల వంతు వచ్చింది. ఇతరుల వద్ద నుంచి కాదు, ముందు తన దగ్గర నుంచే మొదలుపెట్టారు. మస్జిదులో కూర్చుని, తనకు వారసత్వంగా వచ్చిన జాగీర్ల దస్తావేజుల సంచి తెప్పించారు. సేవకుడు ముజాహిం ఒక్కొక్క పత్రాన్ని చదువుతుంటే, ఆయన కత్తెర తీసుకుని దానిని ముక్కలు చేస్తూ పోయారు. జుహర్ అజాన్ అయ్యేదాకా ఆ కత్తెర ఆగలేదు. దైవప్రవక్త (స) కాలంలో ఎలా ఉండేదో అదే స్థితికి ఫదక్ తోటను చేర్చారు. వలీద్ ఇచ్చిన ఉంగరంలోని రాయిని కూడా పీకి ఇచ్చేశారు. ఖలీఫా అయ్యే నాటికి ఆయన సాలుసరి రాబడి నలభై వేల దీనార్లు. మరణించే నాటికి అది నాలుగు వందల దీనార్లకు దిగిందని, మరికొంతకాలం బతికి ఉంటే ఇంకా తగ్గి ఉండేదని ఆయన కుమారుడే తర్వాత ఒక ఖలీఫాకు చెప్పాడు.

ఇక ఇల్లాలు. ఫాతిమా ఒక ఖలీఫా కూతురు, ఇద్దరు ఖలీఫాల సోదరి, ఇప్పుడు ఖలీఫా భార్య. పుట్టింటి నుంచి తండ్రి ఇచ్చిన అపురూపమైన నగ ఒకటి ఆమె వద్ద ఉండేది. ఉమర్ ఆమె ముందు రెండు దారులు పెట్టారు. ఆ నగను బైతుల్‌మాల్‌కు ఇచ్చి తనతో ఉండటం, లేదా నగ ఉంచుకుని తన నుంచి విడిపోవటం. ఆ నగ ఉన్న ఇంట్లో తాను ఉండలేనన్నారు. ఆమె ఆలోచించుకోవటానికి గడువు అడగలేదు. దానికి ఎన్నో రెట్లు విలువైనవి ఉన్నా సరే, వాటిని కాదని భర్తనే ఎంచుకుంటానని చెప్పి నగ ఇచ్చేసింది. ఆ ఇంటి త్యాగంలో సగం ఆమెదే. ఉమర్ పేరు తలచుకున్నప్పుడల్లా ఫాతిమా పేరు కూడా తలచుకోకపోవటం న్యాయం కాదు.

రజా బిన్ హైవా చెప్పిన ఒక సంగతి ఉర్దూ, అరబీ గ్రంథాల్లో కనబడుతుంది. ఖలీఫా ఒకసారి ఆయన్ను పిలిచి ఆరు దిర్హములకు ఒక చొక్కా కొనిపెట్టమన్నారు. దిర్హము అంటే వెండి నాణెం. బంగారు దీనారుకు పది పన్నెండు వచ్చేవి. రజా తెచ్చాక ఖలీఫా దానిని తడిమి చూసి, బాగానే ఉంది గాని మరీ మెత్తగా ఉందన్నారు. రజా కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఎందుకని అడిగారు. ఉమర్ గవర్నరుగా ఉన్నప్పుడు తాను ఆరు వందల దిర్హములు పెట్టి ఒక బట్ట తెచ్చానని, అప్పుడు దానిని తడిమి చూసి బాగానే ఉంది గాని గరుకుగా ఉందన్నారని రజా గుర్తుచేశాడు.

దానికి ఖలీఫా చెప్పిన జవాబు మరీ మరీ తలపోయవలసినది. తన మనసు ఎప్పుడూ పైపైకి ఎగబాకే స్వభావం గలదని ఆయన అన్నారు. అది ఫాతిమాను కోరింది, పెళ్ళయింది. గవర్నరు పదవిని కోరింది, దక్కింది. ఖిలాఫత్‌ను కోరింది, అదీ వచ్చింది. ఈ లోకంలో ఇక పైమెట్టు మిగలలేదు గనుక ఇప్పుడది స్వర్గాన్ని కోరుతోందని వివరించారు.

ఆయన కోరికలను చంపుకున్నారని అంటారు గాని, మాకు అలా అనిపించదు. ఆయన కోరిక ఇంకా పెద్దదైంది. పెద్దదానికి చోటు చేయటానికి చిన్నవాటిని ఇంట్లో నుంచి తీసి బయట పెట్టారు. ఆరు వందల దిర్హముల బట్టలో గరుకుదనం వెతికే మనసు ఎన్ని వేలు పోసినా తృప్తిపడదు. ఆరు దిర్హముల చొక్కాలో మెత్తదనం కనిపించిన రోజున ఆయన అంతకు ముందెన్నడూ లేనంత ధనవంతుడు.

ఇదంతా చదివి ఆ ఇంట్లో ఎవరికీ బాధ లేదనుకోకూడదు. ఒకరోజు ప్రజలకు పంచవలసిన ఆపిల్ పండ్లు ముందున్నాయి. ఆయన పసికొడుకు ఒకటి తీసుకుని నోట్లో పెట్టుకున్నాడు. తండ్రి దానిని లాక్కున్నారు. పిల్లవాడు ఏడుస్తూ తల్లి వద్దకు పరుగెత్తాడు. ఆమె బజారు నుంచి పండ్లు తెప్పించి ఇచ్చింది. ఇంటికి వచ్చిన ఖలీఫాకు ఆపిల్ వాసన తగిలింది. అవి బైతుల్‌మాల్‌వి కావని తెలుసుకుని స్థిమితపడ్డారు. ఆ పండును కొడుకు నోట్లోంచి లాగుతుంటే తన గుండెలోంచి లాగినట్టయిందని, కానీ ఒక పండు కోసం అల్లాహ్ వద్ద తన వాటాను పోగొట్టుకోలేకపోయానని భార్యతో చెప్పుకున్నారు.

మరో రాత్రి కూతుళ్ళను చూడటానికి వెళితే, వాళ్ళు చేతులతో నోళ్ళు మూసుకుని పక్కకు తప్పుకున్నారు. రాత్రి భోజనానికి పప్పు, ఉల్లిపాయ తప్ప ఏమీ లేదని, ఆ వాసన తండ్రికి తగలకూడదని అలా చేశారని దాసి చెప్పింది. ఆయన ఏడ్చారు. వారు రకరకాల వంటకాలు తిని, వారి తండ్రి నరకానికి పోతే వారికి ఏం లాభమని వారితో అన్నారు. పిల్లలు కూడా బిగ్గరగా ఏడ్చారు. తాను కష్టం ఎంచుకోవటం ఒక ఎత్తు, తనవాళ్ళ మొహాలు చూస్తూ దాని మీద నిలబడటం మరో ఎత్తు. పిల్లల పేరు చెప్పి మనం ఎన్ని అప్పులు, ఎన్ని అక్రమాలు సమర్థించుకుంటామో ఎవరి లెక్క వారికి తెలుసు.

రాజవంశీయులకు ఇదంతా మింగుడు పడలేదు. వారి జాగీర్లు కూడా వెనక్కి వెళ్ళాయి, ప్రత్యేక భత్యాలు ఆగిపోయాయి. మొహమాటానికైనా వింటాడని ఆయన మేనత్త ఫాతిమా బిన్తె మర్వాన్‌ను రాయబారం పంపారు. ఉమర్ ఆమెను ఎంతో మర్యాదతో కూర్చోబెట్టారు. తర్వాత ఒక దీనారు, ఒక మాంసం ముక్క, నిప్పుల కుంపటి తెప్పించారు. దీనారును నిప్పుల్లో పడేసి ఎర్రగా కాలాక, దానిని తీసి మాంసం మీద పెట్టారు. అది చుయ్యిమని కాలింది. ఈ బాధ నుంచి మీ మేనల్లుణ్ణి కాపాడాలనిపించటం లేదా అత్తా అని అడిగారు. ఆమె మారు మాట్లాడకుండా లేచి వెళ్ళి తనవాళ్ళను కోప్పడింది. ఏరికోరి ఉమర్ ఫారూఖ్ ఇంటి పిల్లను కోడలిగా తెచ్చుకున్నారు, పుట్టినవాడు తాతను పోలాడని ఇప్పుడు గోలపెడుతున్నారా అని! ఆ పాలమ్మే పిల్ల ఇచ్చిన జవాబు మూడు తరాలు దాటి వచ్చి దమిష్క్ రాజభవనంలో నిలిచింది.

ఇక్కడ ఒక విషయం గమనించాలి. ఈ కాఠిన్యమంతా ఆయన తన మీద, తన ఇంటి మీద పెట్టుకున్నదే. ప్రజల మీద రుద్దలేదు. తన అధికారులకు నెలకు వందా రెండు వందల దీనార్ల చొప్పున మంచి జీతాలు ఇచ్చారు. వాళ్ళకు ఇంటి చింత లేకపోతే ప్రజల పనికి తీరిక దొరుకుతుందన్నది ఆయన ఉద్దేశం. మరి మీరూ మీ కుటుంబానికి అలాగే తీసుకోవచ్చు కదా అంటే ఒప్పుకోలేదు. ప్రజాధనం దగ్గర మాత్రం పిసినారితనమే. మదీనా గవర్నరు అబూబక్ర్ బిన్ హజ్మ్ కాగితాలు కావాలని రాస్తే, కలం మొన సన్నగా చెక్కి, పంక్తులు దగ్గర దగ్గరగా రాయమని బదులు పంపారు. అదే అబూబక్ర్ బిన్ హజ్మ్‌కు, ఇమామ్ జుహ్రీకి దైవప్రవక్త (స) హదీసులను సేకరించి రాసిపెట్టమని ఆదేశించినదీ ఆయనే. పండితులు చనిపోతే ఆ విద్య కూడా పోతుందని ఆయన భయం. నేడు మన ఇళ్ళలో హదీసు గ్రంథాలు ఉన్నాయంటే ఆ ఉత్తర్వుకు అందులో వాటా ఉంది.

తొందరపెట్టే కుమారుడు అబ్దుల్ మలిక్ ఒకసారి సంస్కరణలన్నీ ఒకేసారి ఎందుకు చేయరని అడిగాడు. ప్రజల మీద సత్యాన్ని ఒక్కసారిగా మోపితే, వారు దానిని ఒక్కసారిగా విసిరేస్తారని తండ్రి నచ్చజెప్పారు. తన దస్తావేజులకు కత్తెర వేయటానికి ఒక్క పూట కూడా ఆగని మనిషి ప్రజల విషయంలో ఎంత ఓర్పుగా ఉన్నారో చూడండి. మనం సాధారణంగా దీనికి తలకిందులుగా నడుస్తాము.

ఇస్లాం స్వీకరించినవారి నుంచి కూడా జిజియా వసూలు చేసే దురాచారాన్ని ఆయన రద్దు చేశారు. రాబడి తగ్గుతుందని అధికారులు మొరపెట్టుకుంటే, దైవప్రవక్త (స) మార్గదర్శిగా పంపబడ్డారే గాని పన్నులు వసూలు చేయటానికి కాదని తిప్పికొట్టారు. మింబర్ల మీద హజ్రత్ అలీ (రజి)ని నిందించే ఆచారాన్ని ఆపించారు. కుస్తున్‌తునియా ముట్టడిలో ఆకలితో అలమటిస్తున్న సైన్యానికి ఆహారం, గుర్రాలు పంపి వెనక్కి పిలిపించారు. సింధు రాజులకు ఉత్తరాలు రాసి ఇస్లాంకు ఆహ్వానించారు. రాజా దాహిర్ కుమారునితో సహా కొందరు ఆ పిలుపు అందుకున్నారు. ఉత్తర ఆఫ్రికాకు జకాత్ వసూలుకు వెళ్ళిన యహ్యా బిన్ సయీద్, ఆ సొమ్ము తీసుకునే పేదవాడు దొరకక బానిసలను కొని విముక్తి చేశానని చెప్పాడు. ఇదంతా రెండేళ్ళ అయిదు నెలల పాలన. ఆయన కాలంలో తోడేళ్ళు, మేకలు కలిసి మేసేవన్న కథలు కూడా జల్సాల్లో వినిపిస్తాయి. వాటి అవసరం మాకు కనిపించదు. జకాత్ పుచ్చుకునే చేయి దొరకకపోవటం తోడేలు మేకను వదలటం కంటే పెద్ద వింత.

ఆయన సన్యాసి కాదు. సంసారం విడిచి అడవులకు పోవటాన్ని దైవప్రవక్త (స) తన సహచరులకు అనుమతించలేదు. ఉమర్ భార్యాబిడ్డల మధ్యే ఉన్నారు, ఫిర్యాదులు విన్నారు, లెక్కలు చూశారు. అయితే ఆయన ఎంచుకున్న దారి శరీరాన్ని అరగదీసిందన్న నిజాన్ని దాచిపెట్టనవసరం లేదు. మదీనా రోజుల నుంచి ఎరిగిన ముహమ్మద్ బిన్ కఅబ్ అనే పండితుడు చూడటానికి వచ్చి, రెప్పవేయకుండా అలాగే చూస్తుండిపోయాడు. ఎందుకలా చూస్తున్నారని ఖలీఫా అడిగారు. కండ కరిగిన ఆ ఒళ్ళు, పాలిపోయిన రంగు, రాలిన జుట్టు చూసి ఆశ్చర్యపోతున్నానన్నాడు. సమాధిలో పెట్టిన మూడు రోజులకు చూస్తే ఇంకా ఎక్కువ ఆశ్చర్యపోతారని ఖలీఫా బదులిచ్చారు. రాత్రుళ్ళు ఆయన ముసల్లా మీద కూర్చుని ఏడవటం ఫాతిమా చూసేది. దూరదేశాల్లో ఉన్న ఆకలిగొన్నవాడు, రోగి, ఖైదీ, పిల్లలు ఎక్కువై రాబడి తక్కువైనవాడు వీరందరి గురించి అల్లాహ్ తనను ప్రశ్నిస్తాడన్న తలపే ఆయన్ను నిద్రపోనిచ్చేది కాదని ఆమె తర్వాత చెప్పింది.

నిద్ర నుంచి లేపిన ఆ కొడుకు అబ్దుల్ మలిక్ తండ్రి కళ్ళముందే ఆ యవ్వనంలోనే చనిపోయాడు. అతణ్ణి సమాధిలో పెట్టి, అతని విషయంలో అల్లాహ్ తీర్పుకు తాను సంతుష్టుణ్ణేనని ఉమర్ ప్రజల ముందు ప్రకటించారు.

హిజ్రీ 101 (క్రీ.శ. 720)లో ఆయన మంచం పట్టారు. ఇంట్లోవారే విషం పెట్టించారని చాలామంది చరిత్రకారులు రాశారు. బావమరిది మస్లమా పరామర్శకు వచ్చి, ఖలీఫా చొక్కా మాసి ఉండటం చూసి, ఉతికించమని సోదరి ఫాతిమాకు చెప్పి వెళ్ళాడు. మళ్ళీ వచ్చినప్పుడు అదే మాసిన చొక్కా కనిపించింది. చెప్పాను కదా అని విసుక్కున్నాడు. ఉతకటానికి విప్పితే తొడగటానికి ఆయనకు మరొకటి లేదని ఆమె అల్లాహ్ మీద ప్రమాణం చేసి చెప్పింది.

పిల్లలకు ఏమైనా రాసివ్వమని మస్లమా బతిమాలాడు. ఉమర్ కొడుకులందరినీ పిలిపించి చూసి కన్నీళ్ళు పెట్టుకున్నారు. వారు సజ్జనులైతే సజ్జనులను అల్లాహ్ చూసుకుంటాడని, కాకపోతే వారి పాపాలకు తాను పెట్టుబడి పెట్టలేనని అన్నారు. సమాధి కోసం కావలసిన కాస్త స్థలాన్ని దాని యజమాని అయిన క్రైస్తవునికి డబ్బు చెల్లించి కొన్నారు. రజబ్ నెలలో, సిరియాలోని మఅర్రతున్ నుఅమాన్ దగ్గర దైర్ సిమ్ఆన్‌లో తుదిశ్వాస విడిచారు. చివరి ఘడియల్లో ఆయన నోట ఖసస్ సూరాలోని పరలోక గృహాన్ని గురించిన ఆయత్ వినబడిందని చెబుతారు. అప్పటికి ఆయనకు నలభై ఏళ్ళు. ఇన్నా లిల్లాహి వ ఇన్నా ఇలైహి రాజిఊన్. సుఫ్యాన్ సౌరీ (రహ్మ) వంటి పెద్దలు ఆయన్ను నలుగురు సన్మార్గ ఖలీఫాల తర్వాత ఐదవవారిగా లెక్కించారు.

ఆయన వదిలిన సొమ్ము పదిహేడు దీనార్లు. కఫన్‌కు అయిదు, సమాధి స్థలానికి రెండు పోగా మిగిలినది పదకొండు మంది కొడుకులకు పంచారు. తర్వాతి కాలపు ఖలీఫా హిషామ్ కొడుకులకు తలా పది లక్షలు వచ్చాయని, కాలక్రమంలో ఉమర్ కొడుకుల్లో ఒకరు ఒక్కరోజే వంద గుర్రాలను దైవమార్గంలో దానం చేయగా, హిషామ్ కొడుకు ఒకడు దానం పుచ్చుకుంటూ కనిపించాడని అబ్బాసీ ఖలీఫా మన్సూర్‌కు ఒక పండితుడు చెప్పాడు. ఈ సంగతి నిజమే కావచ్చు. కానీ ఇప్పుడు వదులుకుంటే రేపు పిల్లలకు గుర్రాలు వస్తాయన్న బేరంగా దీనిని వినిపించటం మాకు రుచించదు. ఆ పదిహేడు దీనార్లు లెక్కపెట్టిన రోజున ఉమర్ గుర్రాల కోసం ఎదురుచూడలేదు.

వీలునామా ప్రకారం ఫాతిమా సోదరుడు యజీద్ ఖలీఫా అయ్యాడు. బైతుల్‌మాల్‌లో ఆమె నగ అలాగే భద్రంగా ఉంది. ఆయన నీకు అన్యాయం చేశాడు, కావాలంటే తిరిగి తీసుకోమని యజీద్ కబురు పెట్టాడు. భర్త బతికి ఉండగా సంతోషంగా ఇచ్చినదానిని ఆయన పోయాక వెనక్కి తీసుకోనని, జీవించి ఉన్నప్పుడు ఆయన మాట విని, మరణించాక ఆయన మాట తప్పేదాన్ని కానని ఆమె చెప్పింది. యజీద్ ఆ నగను తన ఇంటివారికి పంచిపెట్టాడు. ఆమె కూర్చుని చూస్తూ ఉండింది.